దక్షిణాసియా ఆడపిల్లల ఫుట్‌బాల్

2022 సెప్టెంబరు 19వ తేదీ సాయంకాలము కాఠ్మండూ నగరమున దశరథ్ రంగశాల అను క్రీడామైదానములో దక్షిణాసియా మహిళల ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనలు ముగిసినది. బంగ్లాదేశ్ జట్టు నేపాల్ జట్టును 3–1 గోల్సుతో ఓడించినది. మా వార్తలలో ఆ సంగతికి దక్కినది ఒక్క వాక్యము. దానికి ముందు క్రికెట్టు సమాచారము, తరువాత వాతావరణ సూచన. ఆ ఒక్క వాక్యమును వ్రాసినదియు మేమే, చదివినదియు మేమే.

వారము తిరుగకముందే ఒక జాబు వచ్చినది. వ్రాసినవారు ఒక గృహిణి. ఎవరు ఎవరిని ఓడించినదీ చెప్పినారు గాని, ఆ ఆడపిల్లలు ఎవరు, ఎచ్చటివారు, వారికి ఆట నేర్పినదెవరు, మన జట్టు ఏమైనది, ఇవేవియు చెప్పలేదేమని ఆమె అడిగినారు. తమ యింట ఏడవ తరగతి చదువుచున్న పిల్ల యున్నదనియు, కాలి దగ్గర బంతి లేనిదే ఆ పిల్లకు తోచదనియు, ఆమె అడిగిన ప్రశ్నలకు తాము జవాబు చెప్పలేకపోయినామనియు వ్రాసినారు. ఆ జాబు మా బల్లసొరుగులో చాలకాలము ఉండిపోయినది. ఈ ప్రసంగము దానికి ఆలస్యముగా ఇచ్చుచున్న ప్రత్యుత్తరము.

ముందుగా ఈ పోటీ ఏమిటో చెప్పవలెను. దక్షిణాసియా దేశముల పురుషుల ఫుట్‌బాల్ పోటీ 1993లో లాహోరు నగరమున మొదలైనది. స్త్రీల పోటీ మొదలగుటకు మరి 17 సంవత్సరములు పట్టినది. ఈ జాగు మన ప్రాంతమునకు మాత్రమే చెల్లినది కాదు. ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లని చెప్పుకొను ఇంగ్లండులోనే, తన సభ్యసంఘముల మైదానములలో స్త్రీలు ఆడరాదని అచ్చటి ఫుట్‌బాల్ సంఘము 1921లో నిషేధము విధించినది. ఆ నిషేధము సుమారు 50 ఏండ్లు సాగినది. మహిళల ప్రపంచ కప్పు పోటీ 1991లో గాని చైనా దేశమున ఆరంభము కాలేదు. మన దేశములో మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య 1975లో ఏర్పడినది. 1980లోను, 1983లోను జరిగిన ఆసియా పోటీలలో మన స్త్రీలు ద్వితీయ స్థానము పొందినారు. ఆ సంగతి ఈనాడు ఎన్ని యిండ్లలో తెలియునో చెప్పుట కష్టము.

దక్షిణాసియా మహిళల మొదటి పోటీ 2010 డిసెంబరులో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజారు అను సముద్రతీర పట్టణమున జరిగినది. భారతదేశము, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, ఈ ఎనిమిది దేశముల జట్లును వచ్చినవి. తరువాత 2012లో కొలంబో, 2014లో ఇస్లామాబాదు, 2016 చివర శిలిగుడి, 2019లో నేపాల్‌లోని విరాట్‌నగర్ ఆతిథ్యమిచ్చినవి. 2022లోను, 2024లోను కాఠ్మండూలోనే ఆడినారు.

ఈ ఏడింటిలో మొదటి అయిదు కప్పులును మనవే. 2010 ఫైనలులో నేపాల్‌పై 1–0, 2012లో నేపాల్‌పై 3–1, 2014లో మరల నేపాల్‌పై 6–0, 2016లో బంగ్లాదేశ్‌పై 3–1, 2019లో తిరిగి నేపాల్‌పై 3–1. ఆ విజయముల వెనుక మణిపురపు ఆడపిల్లల చెమట చాల యున్నది. ఇంఫాల్‌కు చెందిన బెంబెమ్ దేవి చిన్నతనమున మగపిల్లల జట్టులో చోటు సంపాదించుటకు మగపేరు చెప్పుకొని ఆడెడిది. ఆ పిల్లయే పెద్దదై భారత జట్టునకు నాయకత్వము వహించి, 2020లో పద్మశ్రీ బిరుదము పొందినది. బాలా దేవియు మణిపురము వారే. 2020లో స్కాట్లండుకు చెందిన రేంజర్స్ సంఘమున చేరి, ఐరోపాలో వృత్తిగా ఫుట్‌బాల్ ఆడిన తొలి భారతీయ మహిళగా ఆమె పేరు పొందినారు. ఒడిశాకు చెందిన సస్మితా మల్లిక్ ఆ తొలి దినములలో మన జట్టునకు గోల్సు సంపాదించి పెట్టిన మేటి ఆటగత్తె.

ఇంతవరకు విన్న యే భారతీయునికైనను సంతోషము కలుగును. మాకును కలిగినది. కాని అదే పుటలో మరియొక అంకె యున్నది. 2010లో మన జట్టు భూటాన్‌ను 18–0 గోల్సుతో ఓడించినది. అనగా సగటున అయిదు నిమిషములకు ఒక గోలు. ఒక ప్రక్కవారు గోలు వెంట గోలు వేయుచుండగా, మరొక ప్రక్కవారు బంతిని వలలోనుండి తీసి మైదానము నడుమకు మోసికొని పోవుచుండినచో దానిని పోటీ యని ఎట్లందుము? గెలుచువారు ఎవరో ముందే తెలిసిన పందెమునకు ఎవరును పరుగెత్తి పోరు. అయిదు పర్యాయములు మనమే గెలిచితిమనుట మన బలమును తెలుపును గాని, పొరుగిండ్ల ఆడపిల్లలకు అంతవరకు మైదానము అందలేదని కూడ తెలుపును. మా మనవి ఇది: ఈ ఛాంపియన్‌షిప్ 2010లో పేరునకు పుట్టినది, మనము ఓడిన 2022లో నిజముగా పుట్టినది.

ఆ ఓటమి ఎట్లు వచ్చినదో చూతము. బంగ్లాదేశ్ మహిళల జట్టు అంతర్జాతీయ క్రీడలో అడుగు పెట్టినది 2010లోనే. మరుసటి సంవత్సరము, 2011లో, ఆ దేశపు ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలల బాలికలకు ఫుట్‌బాల్ పోటీ ఆరంభించినది. గ్రామములలోని బడులు తమలో తాము ఆడి, గెలిచినవి పై మెట్టునకు, అచ్చట గెలిచినవి జిల్లాకు, చివరకు రాజధానికి పోవును. అంత చిన్న పిల్లలకు పోటీయేమని ఎవరైన అనవచ్చును. మొక్కయి వంగనిది మ్రానయి వంగునా యని మనవారే చెప్పినారు. పది, పదునొకండు సంవత్సరముల ప్రాయమున బంతిని కాలితో ఆపుట, చూడకయే ప్రక్కవారికి అందించుట అలవడినచో, అది నడకవలె శరీరమున కలిసిపోవును. పదునారేండ్లు వచ్చిన తరువాత నేర్చుకొన్నవారు ఒక్క క్షణము ఆలోచించి తన్నుదురు. ఆటలో ఆ ఒక్క క్షణమే సర్వస్వము.

మైమన్‌సింగ్ జిల్లాలో, మన మేఘాలయ కొండలకు దిగువగా, కల్సిందూర్ అను పల్లెటూరు కలదు. అచ్చటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల బాలికలు 2013 మొదలు మూడు సంవత్సరములు వరుసగా ఆ జాతీయ పోటీ గెలిచినారు. ఈ పిల్లలు వ్యవసాయపు కూలీల యిండ్లనుండి, చిన్న రైతుల యిండ్లనుండి వచ్చినవారు. వారికి ఆట నేర్పినది ఆ బడి ఉపాధ్యాయులే. పిల్లల పేరు దేశమంతట మారుమ్రోగిన తరువాతనే ఆ యూరికి విద్యుద్దీపములు వచ్చినవి. ఊరు పిల్లలకు దీపము చూపుట లోకరీతి. ఇచ్చట పిల్లలే ఊరికి దీపము తెచ్చినారు. మారియా మాందా, సంజిదా అఖ్తర్, తహురా ఖాతూన్, శంసున్నాహార్ మొదలైన పేర్లు ఆ యొక్క పల్లెనుండి జాతీయ జట్టునకు వచ్చినవి.

వీరితో పాటు చిట్టగాంగు కొండ ప్రాంతములనుండి చాక్మా తెగ పిల్లలు వచ్చినారు. తంగాయిల్ జిల్లానుండి కృష్ణా రాణీ సర్కార్ వచ్చినది. సాత్ఖీరా నుండి వచ్చిన సబీనా ఖాతూన్ వీరందరికి నాయకురాలు. ఢాకా నగరములోని ఫుట్‌బాల్ సమాఖ్య భవనముననే వీరికి బస, భోజనము, శిక్షణ ఏర్పాటైనవి. గులాం రబ్బానీ ఛోటన్ అను శిక్షకుని వద్ద వీరు ఏండ్ల తరబడి కలసి తిని, కలసి నిద్రించి, కలసి ఆడినారు. జట్టు అనగా పదునొకండుగురు మంచి ఆటగత్తెలు కారు. ఒకరి అడుగు ఒకరికి చెప్పకయే తెలిసిన పదునొకండుగురు.

వీరి బాల్యములోనిదే మరొక ఘట్టము. 2015 ఏప్రిలు 25వ తేదీన కాఠ్మండూలో 14 సంవత్సరములలోపు బాలికల ప్రాంతీయ పోటీ ఫైనలు జరుగవలసి యుండినది. నేపాల్, బంగ్లాదేశ్ జట్లు ఆడవలెను. ఆ దినముననే నేపాల్‌లో మహాభూకంపము వచ్చినది. ఆట ఆగినది. బంగ్లాదేశ్ పిల్లలు ప్రాణములతో ఇల్లు చేరినారు. డిసెంబరులో మరల అదే నగరమునకు పోయి, ఆగిపోయిన ఆ ఫైనలు ఆడి 1–0 గోలుతో గెలిచినారు. 2017 డిసెంబరులో 15 సంవత్సరములలోపు బాలికల దక్షిణాసియా పోటీ ఫైనలులో మన పిల్లలను కూడ 1–0తోనే ఓడించినారు. కనుక 2022 విజయము ఆకస్మికముగా ఊడిపడినది కాదు. చూచువారికి సూచనలు ముందే యున్నవి.

2022 పోటీలో బంగ్లాదేశ్ మొదట మన జట్టును 3–0 గోల్సుతో ఓడించినది. సెమీఫైనలులో నేపాల్ మనలను 1–0తో ఓడించినది. అయిదు కప్పుల జట్టు తొలిసారి ఫైనలు చేరలేదు. ఫైనలునాడు వర్షమునకు మైదానము బురదయై యుండినది. బంగ్లాదేశ్ జట్టులో ఒక ముఖ్యమైన ఆటగత్తె దెబ్బ తగిలి ప్రారంభములోనే తప్పుకొనగా, ఆమె స్థానమున వచ్చిన శంసున్నాహార్ కొద్ది నిమిషములలోనే తొలి గోలు చేసినది. ఈమె ఇంతకు ముందు చెప్పిన శంసున్నాహార్ కన్న చిన్నది. ఇద్దరిదియు ఒకే పేరగుటచే ఈమెను జూనియర్ అందురు. కృష్ణా రాణి రెండు గోల్సు చేసినది. నేపాల్ తరఫున అనితా బస్నేత్ ఒక గోలు చేసినది. ఎనిమిది గోల్సుతో సబీనా ఖాతూన్ ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణి అయినది.

ఫైనలుకు ముందు కల్సిందూర్ పిల్ల సంజిదా తన అభిమానులకు ఒక సందేశము వ్రాసినది. పైకప్పు లేని బస్సులో ఊరేగింపు మాకు దొరకకున్నను సరే, మమ్ము కాదన్న సమాజములో మా కలలను నమ్మినవారి కొరకు ఈ కప్పు గెలువవలెనని యుందని దాని సారాంశము. ఆ మాట దేశమంతట ప్రాకినది. వారు తిరిగి వచ్చునప్పటికి ప్రభుత్వము వారు ఒక బస్సు పైకప్పు తీయించి సిద్ధము చేసినారు. విమానాశ్రయమునుండి సమాఖ్య భవనము వరకు దారి పొడవున జనము నిలిచి చూచినారు. ఆడపిల్ల పొట్టి నిక్కరు వేసికొని ఆడుట తప్పని చెప్పినవారు ఆ జనములోను కొందరు ఉండి యుందురు. ఆ దినమున వారును చేయి ఊపియే యుందురని మా నమ్మకము.

కథ ఇచ్చట ఆపినచో వినుటకు బాగుగనే యుండును. కాని అది సత్యమంతయు కాదు. ఆ ఊరేగింపు జరిగి సంవత్సరమైనను కాకముందే, 2023 వసంతమున, ఒలింపిక్ అర్హత పోటీలు ఆడుటకు ఈ జట్టు మియన్మార్ పోవలసి యుండగా, డబ్బు లేదని సమాఖ్యవారు ప్రయాణము మానిపించినారు. పైకప్పు తీసిన బస్సు దొరికినది గాని, విమానపు టిక్కెట్టు దొరకలేదు. కొలది నెలలలో శిక్షకుడు ఛోటన్ తప్పుకొన్నాడు. విజేతలలో కొందరు పిన్న వయసుననే ఆట మానినారు. కప్పు ఒక్క రాత్రిలో వచ్చును. కాని కాలికి బూటు, నోటికి గ్రుడ్డు, నెల తిరుగగానే జీతము ప్రతిదినపు ఏర్పాట్లు. ఊరేగింపు చేయుటకు ముందుకు వచ్చినంత మంది ఈ ఏర్పాట్లు చేయుటకు రారు. ఇది బంగ్లాదేశ్‌కే పరిమితమైన లోపము కాదు. మన యింటి అద్దములో చూచుకొన్నను అదే ముఖము కనుపించును.

అట్టి స్థితిలోను ఆ పిల్లలు 2024 అక్టోబరులో మరల కాఠ్మండూ పోయినారు. మన జట్టును 3–1తోను, సెమీఫైనలులో భూటాన్‌ను 7–1తోను ఓడించి, 30వ తేదీ ఫైనలులో నేపాల్‌ను 2–1తో గెలిచినారు. మనికా చాక్మా మొదటి గోలు చేయగా, నేపాల్ అమ్మాయి అమీషా కార్కీ వెంటనే సరిచేసినది. ఆట ఇక కొద్ది నిమిషములున్నదనగా ఋతుపర్ణా చాక్మా ఎడమ అంచునుండి ఎత్తుగా కొట్టిన బంతి గోలుకీపరు చేతులను దాటి వలలో పడినది. ఋతుపర్ణ ఆ పోటీకి ఉత్తమ క్రీడాకారిణి. అదే కొండలనుండి వచ్చిన రూప్నా చాక్మా ఉత్తమ గోలుకీపరు.

నేపాల్ సంగతి చెప్పక ఈ కథ పూర్తి కాదు. ఏడు పోటీలలో ఆరుసార్లు ఫైనలు చేరి, ఆరుసార్లును ఓడిన జట్టు అది. 2024 సెమీఫైనలులో మన సంగీతా బాస్‌ఫోర్ ముందుగా గోలు చేసినది. మనవారు ఇంకను ఆనందించుచుండగనే నేపాల్‌వారు ఆట తిరిగి ఆరంభించి బంతిని వలలోనికి పంపగా, రిఫరీ ఆ గోలు చెల్లదన్నారు. ఆట గంటకు పైగా ఆగిపోయినది. మరల మొదలైన తరువాత సబిత్రా భండారీ న్యాయముగా ఒక గోలు చేసి సమము చేసినది. పెనాల్టీ కిక్కులలో 4–2తో నేపాల్ గెలిచినది. అంత పోరాడి చేరిన ఫైనలులో మరల ఓటమియే మిగిలినది. అయినను ఆ నగరములో మహిళల ఆట చూచుటకు మైదానము నిండుచున్నది. ఓడుచున్న జట్టు కొరకు నిండిన మైదానము గెలిచిన కప్పు కన్న తక్కువది కాదు.

2010లో 18 గోల్సు తిన్న భూటాన్ కూడ 2022లోను, 2024లోను సెమీఫైనలు చేరినది. పాకిస్తాన్ జట్టు ఎనిమిదేండ్ల ఎడబాటు తరువాత 2022లో తిరిగి వచ్చినది. కాని మొదటి నాలుగు పోటీలలో ఆడిన ఆఫ్ఘనిస్తాన్ ఆడపిల్లలకు 2021లో ప్రభుత్వము మారిన తరువాత స్వదేశమున ఆటయే లేకుండ పోయినది. ఆ జట్టులోని పలువురు ఆస్ట్రేలియాలో ఆశ్రయము పొందినారు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2025లో అట్టి శరణార్థి క్రీడాకారిణులతో ఒక జట్టును కూర్చినది. ఆడుట అను చిన్న స్వేచ్ఛ ఎంత పెద్దదో పోగొట్టుకొన్నవారిని అడిగి తెలిసికొనవలెను.

ఇక మన జట్టు ఏమైనదని జాబు వ్రాసినవారు అడిగినారు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని సామెత. పొరుగువారిపై సులభముగా గెలిచిన దినములలో మనము ఆసియా రచ్చలో వెనుకబడియే యుంటిమి. ఇంటిలోనే ఓడుట మొదలైన తరువాత, 2025 జూలైలో మనవారు థాయ్‌లాండ్‌ను వారి గడ్డమీదనే 2–1తో ఓడించి, ఆసియా కప్పునకు అర్హత పోటీల ద్వారా మొట్టమొదటిసారి అర్హత పొందినారు. ఆ రెండు గోల్సును సంగీతా బాస్‌ఫోర్‌వే. అదే నెలలో మియన్మార్‌పై ఋతుపర్ణ చేసిన రెండు గోల్సుతో బంగ్లాదేశ్ కూడ తొలిసారి అర్హత పొందినది. బలమైన పొరుగు ఉండుట మనకు నష్టము కాదని ఆ నెల తేల్చినది.

ఈ ఆటలో మన తెలుగు పిల్ల కూడ యున్నది. నిజామాబాదు జిల్లాలోని తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022 కాఠ్మండూ పోటీలో భారత జట్టున ఆడినది. 2024–25 సంవత్సరమునకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది. మణిపురము, ఒడిశా, బెంగాలు పేర్ల నడుమ ఒక తెలుగు పేరు వినబడినపుడు మాకు కలిగిన ఆనందము దాచుకొనలేము. కాని ఒక్క పేరు వినబడుట గర్వకారణమైతే, ఒక్క పేరే వినబడుట ఆలోచింపవలసిన విషయము.

ఇందుకు కావలసినవి గొప్ప భవనములు కావు. బడి ప్రక్కన రాళ్లు ఏరిన నేల, సాయంకాలము ఒక గంట, బట్టలు మార్చుకొనుటకు తలుపున్న గది, ఆడపిల్లల ఆటను వినోదముగా గాక పాఠముగా ఎంచు ఉపాధ్యాయుడు. వీటికి ముందు కావలసినది ఇంటిలో పుట్టవలెను. పదమూడేండ్లు రాగానే ఇక ఆటలు చాలునని పిల్లను లోపలికి పిలుచు గొంతు మన యిండ్లన్నింటిలోను ఉన్నది. ఆ గొంతు చాలవరకు ప్రేమతోనే పలుకును. అయినను కల్సిందూర్‌లో తల్లిదండ్రులు ఆ వయసునాడు ఆ మాట అని యుండినచో, ఇంతసేపు మేము చెప్పుటకు కథయే లేకపోయెడిది.

జాబు వ్రాసిన గృహిణికి మా క్షమాపణలు. నాడు ఏడవ తరగతిలో నున్న ఆ పిల్ల ఇప్పుడు పెద్ద తరగతులలో ఉండియుండును. ఆమె యింకను ఆడుచున్నదో, బంతి అటక ఎక్కినదో మాకు తెలియదు. ఆడుచున్నచో ఈ సంగతులు ఆమెకు చదివి వినిపింపుడు. అటక ఎక్కియున్నచో, దయచేసి ఒకసారి దింపి గాలి కొట్టించి చూడుడు. మా వంతుగా మేమును ఒక నియమము పెట్టుకొన్నాము. ఈ పోటీ ఫలితము ఇకమీదట ఎప్పుడు వచ్చినను గోల్సు లెక్కతో ఆగము. గోలు చేసిన పిల్ల పేరు, ఆమె ఊరి పేరు తప్పక చదువుదుము.